హాజరు వేసిన చెయ్యి

ఫోనులోని యాప్ ప్రకారం మనీషా ఆ నిమిషాన ఇంజినీరింగ్ డ్రాయింగ్ హాల్లో కూర్చుని గీతలు గీస్తోంది. హాల్లో మాత్రం ఆమె స్టూలు బల్ల మీద బోర్లించి ఉంది, దసరా సెలవుల తర్వాత దాన్ని కిందికి దించినవాళ్లే లేరని పక్క బల్ల అమ్మాయి చెప్పింది.

క్యాథరిన్ మరోసారి ఫోను చూసింది. మనీషా పేరు పక్కన ఆకుపచ్చ చుక్క. పొద్దున మొదటి గంటకీ చుక్క ఉంది, రెండో గంటకీ ఉంది. వేలితో వెనక్కి జరుపుతూ పోతే నిన్నటి వారం, మొన్నటి వారం, దీపావళి వారం... ఎక్కడా ఒక్క ఎర్ర చుక్క లేదు. కాలేజీ మొత్తం మీద ఇంత శుభ్రమైన హాజరు ఇంకెవరికీ లేదు.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దాటాక ఉన్న ఆరోహి ఇంజినీరింగ్ యూనివర్సిటీలో, మొదటి ఏడాది పిల్లలు మధ్యలోనే చదువు వదిలేసి పోకుండా 'తోడు' అనే కార్యక్రమం నడుస్తోంది. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ ఒక సీనియరు గానీ, టీచరు గానీ తోడు. వాళ్లందరికీ పైన ప్రొఫెసర్ హరిప్రసాద్. ఆయనకు కుడిభుజం మన క్యాథరిన్. తోడుతో కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోవడానికి క్లాసు మానినా హాజరు పోదు. ఆ గంటకు తోడు వైపు నుంచి హాజరు వేస్తారు. మనీషా తండ్రి, మంఖాల్ రైతు కుర్మయ్య ఫోనుకు 'మీ అమ్మాయి ఒక్క క్లాసు కూడా మానలేదు, అభినందనలు' అని యాప్ తనంతట తనే ఒక మెసేజ్ పంపింది. ఆయన పొంగిపోయి, సార్లకూ మేడమ్‌లకూ పంచుదామని సంచినిండా జామకాయలు మోసుకొచ్చాడు. బిడ్డను ఒక్కసారి చూసి పోతానన్న ఆయన్ని గేటు దగ్గర నిలబెట్టి, ఇందాకే క్యాథరిన్ మేడ ఎక్కింది.

కుర్మయ్య గేటు దగ్గర ఆగలేదు. ఆమె వెనకే మెట్లెక్కి వచ్చి హాలు గుమ్మంలో నిలబడ్డాడు.

"సుమలతగారూ, ఈ అమ్మాయి క్లాసుకు రాక ఎన్నాళ్లయింది?" గొంతు తగ్గించి అడిగింది క్యాథరిన్.

డ్రాయింగ్ టీచరు సుమలత తడబడింది. "తోడులో కూర్చుందేమో అనుకున్నానమ్మా. నేను రాలేదనే కొడతాను. సాయంత్రానికి అది ఆకుపచ్చగా మారిపోతుంది."

"రోజూనా?"

"రోజూనే. హరిప్రసాద్ గారి తోడు అన్నాక మేం ఎందుకని అడుగుతామా? ఆ పిల్లకేదో పెద్ద కష్టమే వచ్చింది పాపం, బాగా చూసుకుంటున్నారు అనుకున్నాం."

లెక్కల టీచరూ అదే అనుకుని ఉంటాడు. ఫిజిక్స్ టీచరూ అంతే. క్లాసులో లేని పిల్ల తోడు దగ్గర ఉందని వీళ్ల ధీమా. తోడు ఉన్నాక పిల్లలకేం కాదన్న నమ్మకం ఎంత గట్టిపడిందంటే, ఖాళీ స్టూలును చూసి అడిగిన మనిషే లేడు.

"మేడం," గుమ్మంలోంచి కుర్మయ్య పిలిచాడు. "నా బిడ్డ ఏది?"

క్యాథరిన్ ఆయన్ని వరండాలోకి తీసుకొచ్చింది. అబద్ధం చెప్పాలని ఆమెకు క్షణమైనా అనిపించలేదు.

"ఇక్కడ లేదు బాబాయ్. దసరా నుంచి రావట్లేదు."

"గదేంది మేడం! పొద్దుగాల నేనే బండి మీద తీస్కొచ్చి తుక్కుగూడ చౌరస్తల దింపిన. మెడల కాలేజీ కార్డు ఏస్కుంది. అన్నం డబ్బా గూడ పట్టుకపోయింది."

"సాయంత్రం ఇంటికొస్తుందా?"

"టైముకే వస్తది. వచ్చుడుతోనే పంటది. చేతులకంత జిగురుంటది, గ్యాసునూనె పెట్టి రుద్ది కడుక్కుంటది. గిదేంది బిడ్డా అంటె, కాలేజీల బొమ్మలు గీసేకాడ అంటుకుంటది బాపు అని చెప్పింది."

క్యాథరిన్ హాలు వైపు చూసింది. బల్లల మీద షీట్లన్నీ క్లిప్పులతో బిగించి ఉన్నాయి. అక్కడ జిగురుతో పనే లేదు. కడిగినా పోని జిగురంటే ఆమె పుట్టి పెరిగిన శంషాబాద్‌లో అందరికీ తెలిసిందే. అట్టపెట్టెలకు వేసే గోధుమరంగు టేపుది అది. విమానాశ్రయం చుట్టూ గోదాములు లేచినప్పటి నుంచి సగం ఇళ్ల ఆడవాళ్ల చేతులు అలాగే ఉంటున్నాయి.

మనిషి క్షేమంగానే ఉంది. ఆ మేరకు ఆమె గుండె కుదుటపడింది. అసలు ప్రమాదం వేరే ఉంది. ఎల్లుండితో ఈ సెమిస్టరు హాజరు మూసేస్తారు. నిజమైన హాజరు బయటికొస్తే మనీషాను పరీక్ష రాయనివ్వరు, ఏడాది పోతుంది. దొంగ హాజరని తేలి, అందులో ఆ పిల్ల చెయ్యి కూడా ఉందంటే సీటే పోతుంది. అదీగాక, తోడును కొనసాగించాలా వద్దా అని తేల్చే కమిటీ రేపు పొద్దున దిగుతోంది.

"బాబాయ్, నడువు. మన పిల్లను తోల్కొద్దాం," అంది క్యాథరిన్.

* * *

దారిలో క్యాంటీన్ దగ్గర ఆగి, సమోసా తింటున్న బ్లెసన్‌ను చెయ్యి పట్టి లేపింది. మెకానికల్ నాలుగో ఏడాది కుర్రాడు, మనీషాకు తోడుగా వేసిన సీనియరు. క్యాథరిన్‌దీ అతనిదీ శంషాబాదే, ఇద్దరి తల్లులూ ఒకే చర్చిలో పాటలు పాడతారు. అందుకే క్యాథరిన్ కోపానికి మర్యాద అడ్డం రాలేదు.

"ఏంది బ్లెసన్, గవర్నరు చేతుల మీద మెడల్ ఏమన్నా ఇస్తమన్నరా? రాని పిల్లకు హాజరు ఎట్ల ఏస్తున్నవ్ రా?"

"ఎవరికి మేడమ్?"

"మనీషాకు."

బ్లెసన్ నోట్లో సమోసా నోట్లోనే ఉండిపోయింది. "మనీషా నా దగ్గర లేదు గదా మేడమ్. మీ దగ్గరనే ఉంది."

"నా దగ్గరా?"

"దసరా అయినంక హరిప్రసాద్ సార్ పిలిచి చెప్పిండు. మనీషాను క్యాథరిన్ మేడం గ్రూపుల ఏసిన, ఆడపిల్ల గదా ఆమె చూసుకుంటది, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నడు. నా ఫోన్ల ఆమె పేరు గూడ పోయింది. కావాలంటే సూడుండ్రి." ఫోను తీసి చూపించాడు. నిజమే, అతని కింద మనీషా పేరు లేదు. "అక్కా, దేవుని తోడు, మీరు చూసుకుంటున్నరని నేను మళ్ల ఫోన్ గూడ చెయ్యలే."

'మేడమ్' కాస్తా 'అక్కా' అయిందంటే వాడు నిజం చెబుతున్నాడని ఆమెకు తెలుసు.

నెల కిందట స్టాఫ్ రూములో టీ తాగుతూ తనే అడిగింది, మంఖాల్ అమ్మాయి ఎలా ఉంది సార్ అని. హరిప్రసాద్ తన మామూలు చిరునవ్వు నవ్వి, 'బ్లెసన్ ఆ పిల్లను భలే నిలబెట్టాడమ్మా' అన్నాడు. బ్లెసన్‌తో ఆమె పేరు చెప్పాడు, ఆమెతో బ్లెసన్ పేరు చెప్పాడు. ఇద్దరూ రెండోవాళ్ల మీద భరోసాతో చేతులు దులుపుకున్నారు. మనీషా పేరు ఇద్దరి గ్రూపుల్లోనూ లేదంటే, ఆమెకు హాజరు వేయగలిగింది ఆ పైనున్న ఒక్క మనిషే.

"కారెక్కు," అంది బ్లెసన్‌తో. "చౌరస్తా కాడికి ఏ గోదాము వ్యాను వస్తది?"

"మూడు నాలుగు వస్తయ్. ఆడోళ్లను ఎక్కిచ్చుకునేది మాత్రం ఎయిర్‌పోర్టు అవతల పార్సిల్ గోదాముదే. మా బాపు క్యాబు అక్కడ్నే నిలబడ్తది, నాకు తెల్సు."

క్యాథరిన్ పాత కారు ఔటర్ రింగు రోడ్డెక్కింది. ముందు సీట్లో కుర్మయ్య జామకాయల సంచి ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి సంచిలోంచి ఒక కాయ తీసి వెనక్కి అందించాడు.

"తిను బిడ్డా. తినేటోన్ని మధ్యల లేపుకొచ్చిండ్రు."

బ్లెసన్ రెండు చేతులా అందుకున్నాడు గానీ కొరకలేకపోయాడు.

* * *

గోదాము గేటు దగ్గర అడ్డంగా నిలబడిన మనిషి పేరు శివమ్మ. ప్యాకింగు లైనుకు పెద్ద. నెత్తిమీదుగా ఒక విమానం రేకులు అదిరేలా దిగుతుంటే, అది పోయేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పింది.

"ఎవలు గావాలె? ఆఫీసోళ్లయితె గా పక్క గేటు."

"మనీషా కావాలె అక్కా. మంఖాల్ పిల్ల."

"మా ఇంజినీరా? ఆమెతోని మీకేం పని?" శివమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "గట్టిగ మాట్లాడితె ఏడుస్తది. మెల్లగ మాట్లాడేదుంటె పిలుస్త."

నారింజ రంగు కోటు తొడుక్కుని బయటికొచ్చిన మనీషా ముందు క్యాథరిన్‌ను చూసింది. తర్వాత బ్లెసన్‌ను చూసింది. ఆ వెనక తండ్రిని చూసి అక్కడికక్కడే ఆగిపోయింది.

కుర్మయ్య దగ్గరికి నడిచాడు. కొడతాడేమోనని శివమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఆయన బిడ్డ చేతులు తీసుకుని అరచేతులు తిప్పి చూశాడు.

"బొమ్మలు గీసేకాడ అంటుకుందంటివి."

"బాపూ..."

"చెప్పకపోతివేంది బిడ్డా?"

"ఏమని చెప్పాలె? ఊరంత చెప్పినవ్. మా పిల్ల ఇంజినీరింగంటివి. శేను కాడికి వచ్చినోళ్లందరికి చెప్పినవ్." ఏడుపు ఆపుకుంటూ క్యాథరిన్ వైపు తిరిగింది. "మేడమ్, నేను తెలుగు మీడియం. లెక్కల సార్ ఇంగ్లీషుల చెప్తుంటే రాసుకున్న గని సమజ్ కాలే. మొదటి మిడ్‌ల అన్ని పోయినయ్. నాతోని కాదు, పోతనని హరిప్రసాద్ సార్‌కు చెప్పిన."

"సార్ ఏమన్నరు?"

"అస్సలు తిట్టలే. కొన్ని రోజులు విశ్రాంతి తీసుకో తల్లీ, హాజరు సంగతి నేను చూసుకుంటా, టీసీ మాత్రం అడగకు, పరీక్షలకు వస్తే చాలు అన్నరు. ఎవరికీ చెప్పొద్దన్నరు. వారం ఇంట్ల కూసుంటే బాపు అడుగుతడని గీ పనికొచ్చిన."

"మళ్లీ పిలిచిండ్రా?"

"ఒక్కసారి గూడ పిలవలే మేడమ్. ఈడ టేపు వంకర ఏస్తె శివమ్మక్క తిడ్తది. ఒక దినం రాకపోతే ఇంటికాడికి మనిషిని పంపుతది. ఆడ నేను లేనని ఎవరన్న తిట్టినా మల్ల వద్దునేమో."

బ్లెసన్ తల తిప్పుకున్నాడు. ఆ మాట తనకూ తగులుతుందని క్యాథరిన్‌కు తెలుసు. కానీ బాధపడటానికి రేపు కావలసినంత టైముంటుంది. ఇవాళ పని ఉంది.

"కారెక్కు మనీషా. సార్ ముందర ఇదే మాట చెప్పాలె. భయమేస్తే నా చెయ్యి పట్టుకో, మాట మాత్రం మింగొద్దు."

"ఇగో, మా ఇంజినీరును పట్టుకపోతె నా లైను ఎవలు జూస్తరు?" అంది శివమ్మ. అంటూనే గేటు తీసి పట్టుకుంది. "పో బిడ్డా. మల్ల గీ మొఖాన రాకు."

* * *

ప్రొఫెసర్ హరిప్రసాద్ గది తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. విద్యార్థి ఎవరైనా వస్తే ఆయన తన పెద్ద కుర్చీలోంచి లేచి, ఒక చిన్న స్టూలు లాక్కుని వాళ్ల పక్కనే కూర్చుంటాడు. బాపట్ల నుంచి వచ్చి ఇన్నేళ్లయినా మాటలోని ఆ మెత్తదనం పోలేదు. ఆ సాయంత్రం గదినిండా పూలకుండీలు, రేపటి కమిటీకి ఏర్పాట్లు.

మిగతా ముగ్గురినీ వరండాలో ఉంచి, క్యాథరిన్ ఒక్కతే లోపలికి వెళ్లింది.

"రా అమ్మా, సమయానికి వచ్చావు. రేపు పిల్లల్లో ఎవరెవరి చేత మాట్లాడిద్దామంటావు?"

"మంఖాల్ అమ్మాయి మనీషాను అనుకుంటున్నాను సార్. హాజరు అద్భుతంగా ఉంది."

ఆయన చేతిలోని పెన్ను ఒక్క లిప్త ఆగింది. "ఆ అమ్మాయి బిడియస్తురాలమ్మా. వేరే ఎవరినైనా చూద్దాం."

"ఇప్పుడు ఎవరి గ్రూపులో ఉంది సార్?"

"బ్లెసన్ దగ్గర. నీకు చెప్పానుగా."

"బ్లెసన్, లోపలికి రా."

గుమ్మంలోకి వచ్చిన కుర్రాడిని చూసి హరిప్రసాద్ నవ్వేశాడు. అనుభవం ఉన్న మనిషి. "అరెరె, మర్చిపోయాను. దసరాకే మార్చాను కదూ! నీ గ్రూపులోకే వేశానమ్మా."

"నా గ్రూపులో ఆ పేరు లేదు సార్. ఎప్పుడూ లేదు."

"అయితే యాప్‌లో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది. రేపు కమిటీ వెళ్లాక కంప్యూటర్ వాళ్లను పిలిచి..."

"మనీషా," అని పిలిచింది క్యాథరిన్.

నారింజ కోటుతోనే మనీషా లోపలికి వచ్చింది. వెనక కుర్మయ్య చెప్పులు బయట విడిచి వచ్చాడు. హరిప్రసాద్ ఆ కోటు మీద రాసి ఉన్న గోదాము పేరు చదివాడు. ఏమనుకున్నాడో, అలవాటు కొద్దీ లేచి స్టూలు లాగాడు గానీ, ఎవరి పక్కన వేసుకోవాలో తోచక దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"సార్," మనీషా క్యాథరిన్ చెయ్యి పట్టుకునే ఉంది. "నేను రాలే. మీరు వచ్చిన అని ఏసిండ్రు. మళ్ల ఒక్కసారి గూడ పిలవలే."

హరిప్రసాద్ వెళ్లి తలుపు మూశాడు. ఆ గది తలుపు మూసి ఉండగా చూడటం క్యాథరిన్‌కు అదే మొదటిసారి.

"అందరూ కూర్చోండి," అన్నాడు. తను కూర్చోలేదు. "క్యాథరిన్, తోడు లేని రోజులు నీకు తెలుసు. సంక్రాంతి నాటికి మొదటి ఏడాదిలో వెనక బెంచీలన్నీ ఖాళీ అయిపోయేవి. మనం మొదలుపెట్టిన ఏడాది ఎంతమంది ఆగిపోయారో నీ కళ్లతో చూశావు. అది అబద్ధమా?"

"కాదు సార్. అది నిజమే. ఇంటింటికీ తిరిగి పిల్లలను వెనక్కి తెచ్చుకున్నాం."

"మరుసటి ఏడాది మేనేజ్‌మెంటు వాళ్లు నన్ను పిలిచి, ఈసారి ఒక్కరు కూడా పోకూడదు, పోయారో, తోడుకు ఇచ్చిన గంటలన్నీ తీసి మామూలు క్లాసులకు ఇచ్చేస్తాం అన్నారు. ఒక్కరూ పోకుండా ఎక్కడైనా కుదురుతుందా? వందమందిని నిలబెట్టే పనిని నలుగురు వెళ్లిపోయారని మూసేస్తారా? రేపు ఆ కమిటీ సరేనంటే, మనలాంటి కాలేజీలు ఇంకెన్నో దీన్ని తీసుకుంటాయి. ఒక్క రాత్రి ఆగు. రేపటి పని అయ్యాక నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను."

"వద్దు సార్."

"నా సంగతి వదిలెయ్. నువ్విప్పుడు నిజం చెబితే ముందు ఎవరి ఏడాది పోతుందో ఆలోచించావా? నాది కాదు, నీది కాదు, ఈ పిల్లది. ఎల్లుండి హాజరు మూసేదాకా నోరు మెదపకుంటే ఆమె పరీక్ష రాస్తుంది. రాయించే పూచీ నాది. నేనే పక్కన కూర్చుని చెబుతాను."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. తను నోరు విప్పితే ఆ ఆకుపచ్చ చుక్కలన్నీ ఎర్రబడతాయి. దాని భారం మోయాల్సింది పద్దెనిమిదేళ్ల మనీషా. నిజం తన నోటితో చెప్పడం సులువే, నష్టం మాత్రం ఇంకొకరిది. ఆ నిర్ణయం తనది కాదు. ఆమె మనీషా వైపు తిరిగి, కళ్లలోకి చూసి అడిగింది.

"విన్నవు కదా. సార్ చెప్పింది నిజం. హాజరు తీసేస్తే ఈ ఏడాది పోతది. వచ్చే ఏడు కొత్త పిల్లలతోని మళ్ల మొదటికెళ్లి కూసోవాలె. సీటు పోకుండ నేను కొట్లాడత, అది నా మాట. ఏం చేద్దాం? నీ ఇష్టం, తొందరేం లేదు."

మనీషా తండ్రి వైపు చూసింది. కుర్మయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాకు సదువు రాదు సార్. ఒక్కటి అడుగుత. నా బిడ్డ రాని దినం వచ్చిందని ఏస్తిరి. రేపు ఆమె నిజంగ వచ్చి, నిజంగ పాసైతె, గదన్న ఎవడు నమ్మాలె? నేనైతె నమ్మ."



"తీసెయ్యుండ్రి సార్," అంది మనీషా. "నేను రాని దినాలన్ని తీసెయ్యుండ్రి. వచ్చే ఏడు కూసుంట. ఈసారి సమజ్ కాకపోతే నిలబడి అడుగుత. మీరు తోడు ఇయ్యకున్నా బ్లెసన్ అన్నను అడుగుత."

"మీ ఇంటి ముందర కూసోని చెప్త చెల్లె," అన్నాడు బ్లెసన్. అంత గంభీరంలోనూ క్యాథరిన్‌కు నవ్వొచ్చింది. వచ్చే ఏటికి వాడు పాసై వెళ్లిపోవాలి కదా!

"సార్, మీ ఫోను తియ్యండి," అంది ఆమె. "మీ చేత్తో వేసినవి మీ చేత్తోనే తీసేయండి. ఆ తర్వాత మనిద్దరం వెళ్లి వైస్ ఛాన్సలర్ గారికి చెబుదాం. కమిటీకి కూడా మనమే చెబుదాం. తోడు పనికొస్తుందనీ చెబుదాం, ఎక్కడ తెగిందో కూడా చెబుదాం. అప్పుడే వాళ్లు నమ్ముతారు."

హరిప్రసాద్ ఫోను తీశాడు. మనీషా పేరు పక్కన మొదటి చుక్క ఎర్రబడింది. రెండోది ఎర్రబడింది. దీపావళి వారం దాకా వెళ్లేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. ఫోను బల్ల మీద పెట్టి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, ఇందాకటి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏమైంది సార్?"

ఆయన తలెత్తాడు. మాటలోని బాపట్ల మెత్తదనం పోయింది.

"క్యాథరిన్, ఈ పిల్ల మాట విన్నాక ఇంక దాచలేను. ఇది పొరపాటు కాదు, యాప్ చేసింది కాదు. నేనే చేశాను. వెళ్లిపోతానని వచ్చిన పిల్లను ఎందుకమ్మా అని అడగాలి, అదే మన పని. నేను అడగలేదు. అడిగితే ఆపాలి, ఆపలేకపోతే ఒకరు పోయారని ఒప్పుకోవాలి. దానికన్నా వేలితో ఒక చుక్క పెట్టడం తేలిక. మొదట ఒకరికి పెట్టాను, తర్వాత అలవాటైపోయింది. మనీషా ఒక్కతే కాదు. మిగతావాళ్లంతా ఇళ్లకు చేరారని కనుక్కున్నాను, ఒక్కడు తప్ప. హాస్టల్లో ఉండేవాడు, మహేష్ అని, తండా పిల్లాడు. దీపావళికి ముందు ఈ గదికే వచ్చి, నా వల్ల కాదు సార్, వెళ్లిపోతాను అన్నాడు. సరే నాయనా, హాజరు నేను చూసుకుంటాలే అని పంపేశాను. ఆ రోజు నుంచి వాడికి ప్రతి గంటకీ హాజరు వేస్తున్నాను. హాస్టల్ వాళ్లు అడిగితే ఇంటికి వెళ్లాడన్నాను. వాళ్లమ్మ తారాబాయి ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తుంది. కొడుకు ఫోను కలవట్లేదు సార్, బాగున్నాడా అని అడుగుతుంది. ఫోను పాడైందమ్మా, బాగా చదువుతున్నాడు, క్లాసులో నా ఎదురుగానే కూర్చున్నాడు అని చెబుతున్నాను. నిన్న కూడా అదే చెప్పాను. వాడు ఇంటికి చేరలేదు, క్యాథరిన్. ఎక్కడున్నాడో నాకు తెలియదు. వాడికోసం ఇంతవరకు ఎవరూ వెతకలేదు... వెతకకుండా చేసింది నేనే."